రోజంతా కార్బన్ పట్టీలు రాసేవాళ్ళకి మెటల్ బాల్ పెన్ను ఏం చూసి తీసుకోవాలండీ?

అంబాజీపేట_గుమాస్తా:

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ, అంబాజీపేటలో కొబ్బరి కొట్లో పదకొండేళ్ళ నుంచీ గుమాస్తాగా చేస్తన్నాను. నా పనంతా రాతే అనుకోండి, పొద్దున దింపు కాయ కొట్లోకి దిగినకాడ్నుంచీ రాత్రి లారీ లోడు కదిలేదాకా రైతు పట్టీలు, లారీ చిట్టీలు, ఒలుపు కూలీల లెక్క, అవన్నీ అయ్యాక కూర్చుని చిట్టా, ఆవర్జా. కంప్యూటరు ఉందండి, జీఎస్టీ బిల్లులు అందులోనే కొడతాం, కానీ రైతు చేతిలో పెట్టే పట్టీ మాత్రం పుస్తకంలోనే, కార్బన్లు పెట్టి మూడు కాపీలు. మొదటిది రైతుకి, రెండోది షావుకారు గారికి, మూడోది పుస్తకంలోనే ఉండిపోద్ది. ఆ మూడోదాంతోనే నా బాధంతా. ఆర్నెల్లు పోయాక ఎవరన్నా లెక్క చూసుకుందాం అని వస్తే మేం తీసేది ఆ మూడో కాపీయే, అందులో 3 కీ 8 కీ తేడా తెలీకపోతే ఇద్దరం మొహాలు చూసుకుంటా కూర్చోవాలి. వెయ్యి కాయకి ఇంత అని మామీద నమ్మకంతో కాయ దింపేసి ఎల్లిపోతాడు రైతు, ఆ అంకె తేటగా ఉంచాల్సింది నేనే కదండీ.

ఇప్పటిదాకా ప్లాస్టిక్ పెన్నులే. గట్టిగా అదిమి రాస్తాం కాబట్టి పట్టుకునే చోట పగులుద్ది, లేదంటే మొన దగ్గర మర ఒదులై రీఫిల్లు లోపలికి పోద్ది. నెలకి ఎనిమిదో పదో అవుతాయి. పోయినేడు ఆన్‌లైన్లో ఒక మెటల్ పెన్ను ఎనిమిదొందలు పెట్టి తెప్పించాను, ఎవరిదో పేరెందుకులెండి. చేతిలోకి తీసుకుంటే బరువుగా, మెరుస్తా, బానే అనిపించింది. మూడు నెలలకి వేళ్ళు పెట్టే చోట పూత లేచిపోయి పచ్చగా చిలుము పట్టింది, సాయంత్రానికి వేళ్ళు నల్లగా అవుతన్నాయి. తర్వాత లోపల మర ప్లాస్టిక్‌ది, అది అరిగిపోయింది. అన్నిటికంటే పెద్ద బాధ దాని రీఫిల్లు, అమలాపురంలో తిరగని కొట్టు లేదు, ఎక్కడా దొరకలా.

అందుకని ఈసారి తెలిసినవాళ్ళని అడిగే కొందామని. పదిహేనొందల దాకా పెట్టగలను. మూడో కాపీ తేటగా పడాలి, చెయ్యి లాగకూడదు, జేబులోంచి జారకూడదు. ఇంకోటండి, మాకు చేతులకీ కాగితాలకీ ఎప్పుడూ కొబ్బరి నూనె జిడ్డు ఉంటది, ఎండు కొబ్బరి సీజన్లో మరీను, జిడ్డు కాగితం మీద పెన్ను జారిపోద్ది, గీత మధ్యలో తెగిపోద్ది. దానికి మందేమన్నా ఉంటే అదీ చెప్పండి.

కాకినాడ_కుర్రోడు:

అన్నా ఎక్కువ ఆలోచించకు, యూనీ జెట్‌స్ట్రీమ్ తీసుకో. వెన్నపూస మీద గీసినట్టు ఎల్తది. నేను ఇంజనీరింగ్ నాలుగేళ్ళు దాంతోనే రాశా.

రాజమండ్రి_మాస్టారు:

బాబూ కాకినాడ, జెట్‌స్ట్రీమ్ మంచి పెన్నే, నోట్సు రాసుకోడానికి దానికి వంక లేదు, కానీ గుమాస్తా గారి పనికి అది తగదు. ఎందుకో చెప్తాను. ఆ ఇంకు పల్చన, తక్కువ ఒత్తిడితోనే జారుతుంది, అదే దాని గొప్ప. పెన్ను అంత తేలిగ్గా పోతున్నప్పుడు మన చెయ్యి మనకి తెలీకుండానే నొక్కడం మానేస్తుంది. పైకాపీ అద్దంలా ఉంటుంది, మూడో కాపీ మీద ఏమీ ఉండదు. కార్బన్ మీద అక్షరం పడేది ఇంకు వల్ల కాదుగదా, మొన అదుముడు వల్ల. కాస్త ఎదురు నిలిచే పాతరకం చిక్కటి నూనె ఇంకే కార్బన్‌కి మంచిది, చెయ్యి దాని మీద ఆనుకుని రాస్తుంది.

నేను ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. రాజమండ్రి వాడిని కాబట్టి పెన్నంటే నాకు మొదట గుర్తొచ్చేది రత్నం పెన్నే. 1921లో కె.వి. రత్నం గారు గాంధీగారిని కలిస్తే, నలుగురికీ పనికొచ్చే వస్తువు ఏదన్నా మన దేశంలోనే చెయ్యమన్నారట, ఆయన పెన్ను చేసి పంపితే బాగా రాస్తోందని 1935లో గాంధీగారు ఉత్తరం రాశారు. ఎబొనైటు అనే గట్టి రబ్బరు బాడీ, లేత్ మీద చేత్తో తీసిందే, మా నాన్నగారి రత్నం పెన్ను ఇవాళ్టికీ నా బల్ల మీదుంది. అయినా మీకు దాన్ని చెప్పలేను, పాళీ పెన్నుతో మూడో కాపీ దాకా పడేలా నొక్కితే పాళీ రెండు ముక్కలై విచ్చుకుంటుంది. మీ పనికి గుండు మొనే కావాలి.

మీరు అడిగినదాంట్లో అసలు సంగతి చివర్న చెప్పారు, దాన్ని ముందుకి తెచ్చుకోండి. రీఫిల్లు. రాసేది రీఫిల్లే గానీ పెన్ను కాదు. ఈ ఉక్కూ ఇత్తడీ అన్నీ దాని పిడి మాత్రమే. కత్తి కొనేవాడు ముందు అలుగు చూసి తర్వాత పిడి చూసినట్టు, మీరు ముందు ఏ రీఫిల్లు మీద స్థిరపడాలో తేల్చుకుని, అది పట్టే పెన్నే వెతకండి. పార్కర్ టైపు అని అడిగితే ప్రతి స్టేషనరీ కొట్లోనూ ఇస్తారు, దానికి ఐఎస్ఓ 12757 అనే ప్రమాణంలో జీ2 అని పేరు, పొడవు సుమారు 98 మిల్లీమీటర్లు, వెనక వైపు చిన్న పళ్ళచక్రం లాంటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. పార్కర్ వాళ్ళదే కాదు, జర్మనీ ష్మిట్ వాళ్ళదీ, జెట్‌స్ట్రీమ్‌లో కూడా ఆ కొలతదీ ఉన్నాయి. ఒక కంపెనీ దొరక్కపోతే ఇంకో కంపెనీది వేసుకోవచ్చు. అదే క్రాస్, లామీ, స్విట్జర్లాండు కారన్‌డాష్ ఉన్నాయి చూడండి, గొప్ప పెన్నులే, కానీ ఎవరి రీఫిల్లు వాళ్ళదే. కారన్‌డాష్ గోలియత్ రీఫిల్లు ఒక్కటి 600 పేజీలు రాస్తుందని కంపెనీ మాట, నిజంగా మంచి రీఫిల్లు, కానీ అది అయిపోయిన రోజు అంబాజీపేటలో మీరేం చేస్తారు? రాయని బంగారం కంటే రాసే ఇనుము నయం కదూ.

ఇంకొక్క మాట. రీఫిల్లు మీద 12757-2 అని ఉందేమో చూడండి. దస్తావేజు రాతకి పరీక్షించిన ఇంకు అని అర్థం, వెలుతురుకి వెలవదు, నీళ్ళు పడితే పోదు, రబ్బరుతో చెరపలేరు. మీ పట్టీకి అది అక్కరకొస్తుంది. మొన 1.0 తీసుకోండి, 0.7 వద్దు. సన్న మొన పల్చటి బిల్లు కాగితాన్ని కోసేస్తుంది.

భీమవరం_ఆక్వా:

మాస్టారు చెప్పింది నూటికి నూరండి. నాది రొయ్యల చెరువుల దగ్గర పని, టెక్నీషియన్ని. రోజూ పొద్దున సాయంత్రం చెరువు చెరువుకీ తిరిగి సాలినిటీ, అమ్మోనియా, చెక్ ట్రేలో ఎంత మేత మిగిలిందో, అన్నీ గట్టు మీద నుంచునే రాయాలి. మీకు నూనె బాధ అయితే నాకు ఉప్పు బాధ.

పూత వేసిన పెన్ను ఏదీ మా దగ్గర నిలవదు గుమాస్తా గారూ. మీకు పచ్చగా చిలుము పట్టిందన్నారు చూడండి, అది లోపల ఇత్తడి, పైన క్రోమియం పూత. పూతలో సూది మొనంత చిల్లుంటే చాలు, చెమటలో ఉప్పు అందులోంచి దిగి ఇత్తడిని తినేస్తది, పై పూత పొక్కులా లేస్తది. కోనసీమలో గాలే తేమ, ఎండాకాలం చొక్కా జేబు ఎప్పుడూ తడే. అదే పూత లేని ఉత్త స్టెయిన్‌లెస్ స్టీలయితే లేవడానికి ఏముందని? నా పెన్ను స్టీలు జాటరు, పార్కర్‌ది, మూడేళ్ళు దాటింది, ఉప్పునీళ్ళలో రెండుసార్లు పడింది, మంచినీళ్ళతో కడిగి తుడిచి మళ్ళీ అదే.

నా బాధ ఇంకోటుంది, అదీ చెప్తా. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ స్తంభానికి కాగితం ఆనించి రాస్తే మొన పైకి తిరుగుద్ది కదా, నాలుగు మాటలు రాసేసరికి ఆగిపోద్ది. ఇంకు తన బరువుతో కిందకి దిగితేనే గుండుకి అందుద్ది, తిరగేస్తే గుండు దగ్గర గాలి దూరుద్ది. దానికి ఫిషర్ స్పేస్ పెన్ను రీఫిల్లు వేశా. అందులో నైట్రోజన్ గ్యాస్ ఎక్కించి ఉంటది, ఆ ఒత్తిడికి ఇంకు ఎటు తిప్పినా మొనకే వస్తది, 1968లో అపోలో 7లో అంతరిక్షానికి తీసుకెళ్ళింది ఈ రకమే. తోక దగ్గర ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఇస్తారు, అది పెడితే జాటర్లో సరిగ్గా కూర్చుంటది. తడి కాగితం మీదా జిడ్డు మీదా మామూలు దానికంటే మెరుగ్గా రాస్తది. కాకపోతే ఖరీదు, మీరు మూడు కాపీలు రోజూ రాస్తే డబ్బు మంచినీళ్ళలా అయిపోద్ది. ఒకటి కొని జిడ్డు పనికి విడిగా ఉంచుకోండి.

తణుకు_లేత్:

నేను లేత్ మిషను మీద పందొమ్మిదేళ్ళుగా పని చేస్తన్నానండి, రైస్ మిల్లు షాఫ్టులు, బుష్షులు, పంపు పార్టులు. పెన్ను గురించి ఎక్కువ తెలీదు గానీ లోహం గురించి తెలుసు, అందుకే రాస్తన్నా, కాస్త పెద్దదవుద్ది ఓపిగ్గా చదవండి.

ఆక్వా బ్రదర్ స్టీలన్నాడు గదా, స్టీలని చెప్పి అమ్మేదంతా స్టీలు కాదు. చాలామంది అయస్కాంతం పెట్టి చూడమంటారు. అది సగం పరీక్షే. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకి అయస్కాంతం అతకదు, లేదా ఒంచి సాగదీసిన చోట కొంచెం పట్టుద్ది. గట్టిగా లాగేసిందంటే ఇనుము మీద పూత కొట్టిందో తక్కువ రకం స్టీలో అన్నమాట. కానీ ఇత్తడికీ అతకదు కదా, అల్యూమినియానికీ అతకదు కదా. అందుకని పెన్ను విప్పండి. విప్పి మర లోపలికి ఫోన్ లైటు కొట్టి చూడండి. మర లోపల పూత సరిగ్గా కూర్చోదు. పసుపు కనపడితే ఇత్తడి, తెల్లగా చాలా తేలిగ్గా ఉంటే అల్యూమినియం, బూడిద రంగులో గరుగ్గా పోత పోసినట్టుంటే జింకు, జింకుది మాత్రం వద్దండి, కింద పడితే బిస్కత్తులా విరుగుద్ది. ఇత్తడి చెడ్డదని నేననను. మన అజ్జరంలో ఇత్తడి పని చూశారుగా, తరాలు నిలబడతాయి. పూత లేని పచ్చి ఇత్తడి పెన్నయితే నల్లబడితే చింతపండు పెట్టి తోముకోవచ్చు, బిందెలాగే. చెడేది ఇత్తడి కాదు, ఇత్తడిని దాచిన పల్చటి పూత. కాకపోతే పచ్చి ఇత్తడి చేతికి వాసనొస్తది, మీరు కొబ్బరి ముట్టుకునే చేతులు, నాకైతే నచ్చదు.

రెండోది మర. మీ పెన్ను చచ్చిపోయింది మర దగ్గరే, పూత దగ్గర కాదు. లోహం లోహంలోకి ఎక్కాలి. కనీసం ఆరేడు చుట్లు ఎక్కాలి. రెండు చుట్లకే బిగుసుకుందంటే రోజూ నొక్కుడికి నెలలో ఒదులైపోద్ది. కొట్లోనే పదిసార్లు విప్పి బిగించి చూడండి, కొట్టాయన ఏమీ అనుకోడు, డబ్బిచ్చేది మనం. ఇసక ఉన్నట్టు గరగరమంటే వదిలెయ్యండి.

మూడోది మొన దగ్గర బెజ్జం. రీఫిల్లు మొన బయటకొచ్చే బెజ్జం కాస్త పెద్దదైతే ప్రతి అక్షరానికీ మొన అటూ ఇటూ కొట్టుకుంటది, టిక్ టిక్ అని చెవికి కూడా ఇనపడుద్ది. కార్బన్ మీద రాసేటప్పుడు అది మరీ చెడ్డది, పైకాపీలో ఒక గీత, కింద కాపీలో దానికి జంట గీత. మొన మీద గోరు పెట్టి పక్కకి నెట్టండి, కదలకూడదు.

బరువు గురించి. అందరూ బరువుంటే మంచి పెన్ననుకుంటారు. నేను ఒకసారి సరదాపడి 304 రాడ్డు తీసుకుని 98 మిల్లీమీటర్ల రీఫిల్లు పట్టేలా బెజ్జం తోలి నాకు నేనే ఒకటి చేసుకున్నా, పక్కన బంగారు కొట్టు కాటా మీద పెడితే 41 గ్రాములు. రెండు పేజీలు రాసేసరికి బొటనవేలు మొదట్లో లాగేసింది. మూడో కాపీ పెన్ను బరువు వల్ల పడదండి, చెయ్యి అదిమితే పడుద్ది, ఆ అదుముడు ముందు ఇరవై గ్రాములు ఎక్కువైనా తక్కువైనా లెక్కలోకి రాదు. కానీ ఆ ఇరవై గ్రాములూ రోజంతా మోసేది మీ వేళ్ళే. అందుకని 20 గ్రాముల చుట్టుపక్కల ఉన్నది చూడండి, బరువు మొన వైపు ఉండాలి, వేలి మీద పెట్టి తూచితే సగానికి కొంచెం ముందు నిలబడాలి. వెనక బరువున్నది కార్బన్‌కి పనికిరాదు, వెనక్కి లాగుద్ది.

ఆఖరిది పట్టు. మా భాషలో నర్లింగ్ అంటాం, స్పానర్ పిడి మీదా డ్రిల్లు చక్ మీదా గళ్ళు గళ్ళుగా ఉంటది చూడండి అది. జిడ్డు చేతికి అంతకంటే మంచి పట్టు లేదు. రాట్రింగ్ 600 అనే జర్మన్ పెన్నుకి అది ఉంటది, బాడీ ఇత్తడి, పార్కర్ రీఫిల్లే పట్టుద్ది, చేసిన తీరు చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టొచ్చు, కానీ మీరన్న పదిహేనొందలకి రాదు, పైగా దానికీ పూతే. జీబ్రా ఎఫ్-701కి కూడా నర్లింగ్ ఉంది, స్టీలు బాడీ, ధర కూడా తక్కువ, కానీ రీఫిల్లు వాళ్ళ సొంతం, మాస్టారి లెక్కలో అది కొట్టుకుపోయింది. జాటరుకి పట్టు నున్నగా ఉంటది. నా దగ్గరికి తెస్తే నర్లింగ్ కొట్టిస్తానని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, అది సన్న గొట్టం, నర్లింగ్ చక్రం నొక్కితే నలిగి చపాతీ అయిపోద్ది.

నరసాపురం_ఏఎన్ఎం:

తణుకు తమ్ముడూ ఎంత బాగా రాశావయ్యా, దాచుకున్నాను ఇది.

నేను చెప్పేది చిన్నదే. నేను ఇంటింటికీ తిరిగి నుంచుని రాసే మనిషిని, ఒక చేతిలో రిజిస్టరు, ఒక చేతిలో పెన్ను, ఒక్కోసారి చంకలో పసిపిల్ల. మూత పెన్ను, తిప్పుడు పెన్ను రెండూ నా వల్ల కాలేదు, రెండు చేతులూ కావాలి. నొక్కుడు పెన్నే తీసుకోండి. నొక్కినప్పుడు గట్టిగా టక్‌మని ఆగాలి, మెత్తగా ఆగేది జేబులోనే తెరుచుకుని చీరకీ చొక్కాకీ మచ్చ చేస్తుంది, ఆ మచ్చ స్పిరిట్‌తో తుడిస్తేనే పోయేది. క్లిప్పు కూడా చూడండి, రేకు ముక్క అతికించినట్టుంటే ఒంగిపోతుంది. చొక్కా జేబుకి పెట్టి కిందకి ఒంగి చూడండి, గుమాస్తా పని అంటే వంద సార్లు ఒంగుతారు కదా.

నున్నటి పెన్నుకి నేనేం చేశానంటే, మా ఆయన మోటార్లు కట్టే మనిషి, వైర్ల జాయింటు మీద వేడి చేస్తే ముడుచుకునే నల్ల గొట్టం ఉంటుంది కదా, హీట్ ష్రింక్ అంటారు, అది మూడు వేళ్ళ వెడల్పు కోసి పెన్ను మీద తొడిగి కొవ్వొత్తి మంటకి కొంచెం దూరంగా తిప్పారు. అతుక్కుపోయింది. ఏడాదైంది, కదల్లేదు. వేడి చేసేటప్పుడు రీఫిల్లు, లోపలి ప్లాస్టిక్ ముక్కలు అన్నీ తీసేసి చేయించండి.

భీమవరం_ఆక్వా:

అక్కా సూపరండి. మా దగ్గర ఏరియేటర్ వైరింగుకి అదే వాడతాం, డబ్బాల కొద్దీ ఉంది, నా పెన్నుకి ఎందుకు తొడగలేదో మూడేళ్ళుగా!

అంబాజీపేట_గుమాస్తా:

అందరికీ పేరుపేరునా దణ్ణాలండి. ఆదివారం కొట్టు సెలవు, రావులపాలెం మీదుగా రాజమండ్రి ఎల్లొస్తా. మా కొట్టు పట్టీ పుస్తకంలోంచి ఖాళీ సెట్లు రెండూ, పాత కార్బన్లూ సంచిలో పెట్టుకున్నా, కొట్లో వాళ్ళ తెల్ల కాగితం మీద గీస్తే ఏ పెన్నయినా బానే రాస్తది కదండీ. ఒక కాగితానికి కొబ్బరి నూనె వేలు రాసి మడిచి పెట్టా.

రాజమండ్రి_మాస్టారు:

శభాష్, ఇది నేను చెప్పాల్సిన మాట, మీకే తట్టింది. ఒకటి చెయ్యండి, కొత్త రీఫిల్లుతో గీసిన మొదటి నాలుగు గీతలు చూసి తీర్పు ఇవ్వకండి. పది పన్నెండు వరసలు రాసి, మొన మీద ఇంకు ముద్ద కడుతుందేమో చూడండి. గుండుకీ దాని గూటికీ మధ్య సందు సమంగా లేకపోతే ఇంకు ఒక పక్క పేరుకుని మలుపు తిరిగేచోట చుక్క పడుతుంది. గుండు టంగ్‌స్టన్ కార్బైడుది, అది అరగదు, అరిగేది దాని చుట్టూ ఉన్న లోహపు గూడే, మనం ఎప్పుడూ ఒకే వాలులో పట్టుకుంటాం కాబట్టి ఒక్క పక్కే అరుగుతుంది. జాటరు 1954లో వచ్చినప్పుడు నొక్కిన ప్రతిసారీ రీఫిల్లు పావుచుట్టు తిరిగేలా చేశారు, గూడు అన్ని పక్కలా సమంగా అరగాలని. 1957లో గుండుని కూడా నున్నగా కాక కాస్త గరుకు చేశారు, నున్న కాగితం మీద జారకుండా కాగితాన్ని పట్టుకోవాలని. మీ జిడ్డు బాధ డెబ్భై ఏళ్ళ కిందటే వాళ్ళకీ ఉంది! గుండు తిరిగితేనే ఇంకు బయటికొస్తుంది, జిడ్డు మీద గుండు తిరగకుండా దొర్లకుండా ఊరికే జారుతుంది, గీత తెగేది అందుకే.

అంబాజీపేట_గుమాస్తా:

రెండు నెలలైందండి, దసరా ముందు అడిగాను, ఇప్పుడు కార్తీకమాసం, చెప్పాల్సింది చెప్పకుండా ఉంటే బాగోదు. కార్తీకంలో మాకు ఊపిరి సలపదు, గుళ్ళకి కాయ ఎగుమతి రోజూ ఉంటది, అందుకే ఆలస్యం.

రాజమండ్రిలో మెయిన్ రోడ్డులో మూడు కొట్లు తిరిగా. తొమ్మిది పెన్నులు విప్పించాను. తణుకు అన్న చెప్పినట్టు మర లోపల లైటేసి చూస్తే తొమ్మిదిలో నాలుగింటికి లోపల ప్లాస్టిక్ మరే, అందులో ఒకటి పన్నెండొందల పెన్ను. బయటికి ఏం తెలీదండి, చేతిలో పెట్టుకుంటే అదే అన్నిటికంటే బరువు. రెండింటికి మొన గోరుతో కదిలింది. మిగిలిన మూడింటితో పట్టీ మీద మూడేసి కాపీలు రాశా, ఒకటి వెనక బరువు, ఇంకోటి క్లిప్పు పట్టలా. చివరికి ఆక్వా బ్రదర్ చెప్పిన స్టీలు జాటరే మిగిలింది. అనుకున్నదాంట్లో సగం డబ్బు కూడా అవలా, మిగిలినదాంతో 1.0 మొన రీఫిల్లులు నీలం ఆరు, నలుపు రెండు తీసుకున్నా. మూడో కాపీలో అంకెలు ఇప్పుడు దీపం ఎత్తి చూడక్కర్లేకుండా కనిపిస్తన్నాయి.

హీట్ ష్రింక్ మా ఊరి మోటారు మెకానిక్ దగ్గర వేయించా అక్కా. మొదటిసారి కొంచెం ముందుకొచ్చి మొన మర విప్పడానికి అడ్డమైంది, కోసి మళ్ళీ వేశాడు. కొబ్బరి ముట్టుకుని వచ్చి పట్టుకున్నా జారట్లేదు. కాకపోతే జిడ్డు ఆ నల్ల గొట్టానికి పడుద్ది, వారానికోసారి సబ్బు గుడ్డతో తుడుస్తన్నా. చెయ్యి లాగడం బాగా తగ్గింది, పూర్తిగా పోయిందని చెప్పను, రాత్రి లోడు ఆలస్యమైన రోజు ఇంకా ఉంటది.

జిడ్డు కాగితం విషయం మాత్రం పెన్ను వల్ల తీరలేదు. నూనె వేలు రాసిన ఆ కాగితం మీద అన్ని పెన్నులూ ఎక్కడో ఒక చోట తప్పాయి. అందుకని పెన్ను మార్చడం మానేసి చెయ్యి మార్చా, పట్టీ పుస్తకం కింద అర కాగితం అట్ట పెట్టి, ఎడం చెయ్యి ఆనే చోట ఒక పాత పేపరు ముక్క వేస్తన్నా. మణికట్టు జిడ్డు కాగితానికి అంటట్లేదు. అదే పెద్ద మందయింది. ఫిషర్ రీఫిల్లు ఒకటి తెప్పించా, ఎండు కొబ్బరి బస్తాల మీద గుర్తులు రాసే చీటీలకి మాత్రమే అది.

తణుకు_లేత్:

చాలా సంతోషం. రీఫిల్లు మార్చినప్పుడల్లా మర దగ్గర ఒక్కసారి గుడ్డతో తుడిచి బిగించండి, దుమ్ము చేరితే ఆ దుమ్మే మరని తింటది. మరీ బిగించకండి, వేళ్ళ బిగువు చాలు. స్ప్రింగు కూడా కింద పడిపోకుండా చూసుకోండి, కాయల రాశిలో పడితే దొరకదు.

అంబాజీపేట_గుమాస్తా:

నిన్ననే పడిందండి స్ప్రింగు, రాశిలో కాదు, బల్ల కింద. మా కొట్టులో కుర్రోడు టార్చి పెట్టి ఎతికిచ్చాడు. ఇకనించి రీఫిల్లు మార్చడం పళ్ళెంలో పెట్టుకునే. నాలుగో రీఫిల్లు నడుస్తంది ఇప్పుడు.

నరసాపురం_ఏఎన్ఎం:

తమ్ముడూ, ఆ నల్ల రీఫిల్లులు ఏ కొట్లో తీసుకున్నావో చెప్పు, మా దగ్గర నీలమే దొరుకుతున్నాయి. వచ్చే వారం రాజమండ్రి పెద్దాసుపత్రికి పనుండి వస్తున్నాను, నాలుగు తెచ్చుకుంటాను.